దూడ వంతు పాలెన్ని? గోదావరి డెల్టాలో గేదె దూడల ఎదుగుదల లెక్క

గోదావరి డెల్టాలో పాలు తీసే పద్ధతి తరాలుగా ఒకటే. తెల్లవారుజామున దూడను విడుస్తారు. అది తల్లి దగ్గరికి పరుగెత్తి పొదుగును నాలుగుసార్లు పొడుస్తుంది, గేదె చేపుతుంది. చన్నుల్లోకి పాలు దిగాయని చేతికి తెలియగానే దూడను లాగి పక్క రాటకు కట్టేస్తారు. పాలు తీయడం అయ్యాక మళ్ళీ విడుస్తారు. కొందరు ఒక చన్ను పూర్తిగా దూడకే వదిలేస్తారు. ఇంకొందరు నాలుగూ తీసేసి, పొదుగులో మిగిలింది కుడుచుకోమంటారు. సాయంత్రం మళ్ళీ ఇదే వరస. పాల కేంద్రంలో పోసిన ప్రతి లీటరుకూ కొలత, వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాల శాతం) చీటీ మీద పడతాయి. దూడ కడుపులోకి ఎన్ని వెళ్ళాయో మాత్రం ఇంట్లో ఎవరినడిగినా చెప్పలేరు.

కొలత లేనిచోట కోత సులువు. పండగకు పాలు కావాలన్నా, ఇంట్లో పెళ్ళి ఉన్నా, గేదె ఒక పూట తక్కువ ఇచ్చినా, కేంద్రానికి పోసే పాలు తగ్గవు. తగ్గేది దూడ వంతే. పెయ్యదూడ అయితే కాస్త దయ చూపిస్తారు. దున్నదూడ అయితే అదీ ఉండదు. నెల తిరిగేసరికి దాని డొక్కలు లోపలికి పోయి, పొట్ట జారి, వెంట్రుకలు రేగి ఉంటాయి. "ఇది మొదట్నుంచీ ఇంతే, బక్క దూడ" అంటారు. అది పుట్టుకతో బక్కది కాదు. పుట్టినప్పుడు దాని బరువు సుమారు 30 కిలోలు. ముర్రా జాతి దూడకు ఉండాల్సిన బరువే అది.

ఆ 30 కిలోల దూడకు రోజుకు ఎన్ని పాలు కావాలి? ముందు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. తాగిన పాలలో మొదటి వాటా ఎదుగుదలకు పోదు. ఒళ్ళు వెచ్చగా ఉంచుకోవడానికి, ఊపిరి ఆడటానికి, నిలబడి తిరగడానికి, అంటే బతికి ఉండటానికే పోతుంది. పశుపోషణ శాస్త్రం వాడే శక్తి సూత్రాలతో లెక్కగడితే, 30 కిలోల దూడకు దీనికే రోజుకు లీటరుంపావు నుంచి లీటరున్నర గేదె పాలు ఖర్చవుతాయి. ఆ పైన తాగిన ప్రతి అరలీటరూ కండకూ ఎముకకూ చేరుతుంది. రోజుకు 3 లీటర్లు తాగే దూడ అరకిలో దాకా పెరగగలదు. లీటరున్నర తాగేది చావదు, కానీ పెరగదు. పైకి చూస్తే మొదటి దూడ తాగేది రెండోదానికి రెట్టింపే. ఎదుగుదలకు మిగిలేది చూస్తే మొదటిదానికి సగం పాలు, రెండోదానికి దాదాపు సున్నా. దూడ విషయంలో "కొంచెం తగ్గిస్తే ఏమవుతుందిలే" అన్న మాట చెల్లకపోవడానికి కారణం ఇదే. తగ్గించిన పాలన్నీ ఎదుగుదల వాటాలోంచే తగ్గుతాయి.

మన పశువైద్య శాఖ కరపత్రాల్లో చాలాకాలంగా ఉన్న సూత్రం మొదటి నెల దూడ బరువులో పదో వంతు, రెండో నెల పదిహేనో వంతు, మూడో నెల ఇరవయ్యో వంతు పాలు పట్టమంటుంది. వినడానికి నెలనెలా తగ్గిస్తున్నట్టుంది గానీ, 30 కిలోల దూడకు పదో వంతు 3 లీటర్లు, 45 కిలోలకు పదిహేనో వంతూ 3 లీటర్లే, 60 కిలోలకు ఇరవయ్యో వంతూ 3 లీటర్లే. దూడ సరిగ్గా పెరుగుతుంటే మూడు నెలలూ పాలు ఒకటే, పెరిగిన ఆకలిని దాణా తీరుస్తుంది. దూడ పెరగకపోతే ఇదే సూత్రం దాన్ని ఇంకా కిందకు తోస్తుంది. రెండో నెలలోనూ 32 కిలోలే ఉన్న దూడకు పదిహేనో వంతంటే రెండు లీటర్లు దాటి కొద్దిగా. కాబట్టి సూత్రాన్ని నెల చూసి కాక, బరువు చూసి వాడాలి.

ఆవు దూడలకు ఈ సూత్రం ఇంకో రకంగా దెబ్బ తీస్తుంది. గేదె పాలలో వెన్న 7 శాతం చుట్టూ ఉంటే, హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర ఆవు పాలలో 4 శాతం లోపే. 30 కిలోల సంకర ఆవు దూడకు బతకడానికే రెండు లీటర్ల దాకా కావాలి. పదో వంతు లెక్కన 3 లీటర్లు పడితే ఎదగడానికి మిగిలేది లీటరే. హోల్‌స్టీన్ దూడల మీద కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం 2002లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, మామూలు పద్ధతిలో పది శాతం పాలు పట్టిన దూడలు రోజుకు సుమారు అరకిలో పెరిగితే, తాగినన్ని పాలు పట్టినవి ముప్పావు కిలో దాటాయి. మన డెల్టాలో జెర్సీ, హెచ్‌ఎఫ్ సంకర ఆవులు పెట్టుకున్నవాళ్ళు పదో వంతును కనీసంగా చూడాలి, పరిమితిగా కాదు.

చివరి పాలలో వెన్న ఎక్కువ, కాబట్టి పొదుగులో మిగిలిన కాస్తా చాలునని చాలామంది నమ్మకం. మొదటి మాట నిజం. మొదట పిండిన పాలకన్నా ఆఖరి ధారల్లో వెన్న చాలా ఎక్కువ. కానీ కండ పెరగడానికి మాంసకృత్తులు కావాలి. అవి ఆఖరి పాలలో ఆ మేరకు పెరగవు. వెన్నతో దూడ ఒళ్ళు వెచ్చగా ఉంటుంది, ఎత్తు పెరగదు.

ఇప్పుడు దీన్ని పడ్డ (ఎదిగి ఇంకా ఈనని పెయ్య) ఈనే వయసు దాకా తీసుకెళ్ళి చూద్దాం. ముర్రా పడ్డ ఎదకు వచ్చి చూలు నిలవడం ప్రధానంగా బరువు మీద ఆధారపడుతుంది. వయసు తర్వాతి మాట. 330 కిలోల దగ్గర కట్టిస్తారనుకుందాం. పుట్టిన 30 కిలోలు పోగా 300 కిలోలు పెరగాలి. రోజుకు 500 గ్రాముల చొప్పున పెరిగితే 600 రోజులు, అంటే 20 నెలలు. రోజుకు 300 గ్రాములైతే వెయ్యి రోజులు, అంటే 33 నెలలు. చూలు పదినెలలు. మొదటి పడ్డ 30 నెలలకు ఈనుతుంది, రెండోది 43 నెలలకు. మధ్యలో ఏడాదికి పైగా తేడా. ఆ ఏడాదంతా అది గడ్డి తింటూ, దాణా తింటూ, సావిడిలో చోటు తింటూ ఒక్క చుక్క పాలివ్వకుండా నిలబడుతుంది.

అదనంగా పట్టాల్సిన పాల ఖర్చెంత? రోజుకు లీటరున్నర చొప్పున రెండు నెలలంటే 90 లీటర్లు. లీటరు 60 రూపాయలు అనుకున్నా 5,400. ఇది చిన్న మొత్తమేం కాదు. రెండు గేదెల మీద బతికే ఇంట్లో ఆ డబ్బు ఈ నెల కిరాణా. అందుకే దూడ వంతు కోసేవాళ్ళను నిందించి లాభం లేదు. పోయేది ఈ నెల కళ్ళముందు పోతుంది, వచ్చేది మూడేళ్ళ తర్వాత వస్తుంది. కానీ ఏడాదిపాటు ఒట్టి పడ్డను మేపడానికయ్యే ఖర్చు 5,400తో పోదన్నది ఏ రైతుకైనా తెలిసిందే. ఇంకో మాట కూడా చెప్పాలి. రెండు నెలల పాలతోనే పడ్డ 330 కిలోలకు చేరదు. పాలు మాన్పించాక మేపు పడిపోతే ముందు పెట్టిందంతా వృథా. పాల దశ మొదటి మెట్టు మాత్రమే. అయితే ఆ మెట్టు దగ్గర కుంగిన దూడను తర్వాత దాణాతో లేపడం కష్టం. తాగిన పాలు కండగా మారే వేగం ఈ వయసులో ఉన్నంతగా మళ్ళీ ఎప్పుడూ ఉండదు.

అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం 2012లో ప్రచురించిన విశ్లేషణ ఇంకో అడుగు ముందుకు వెళ్ళింది. పాల దశలో రోజువారీ ఎదుగుదల ఒక కిలో ఎక్కువున్న దూడ, తన మొదటి ఈతలో సుమారు 850 కిలోల పాలు ఎక్కువిచ్చినట్టు వాళ్ళ మందలో తేలింది. అంటే రోజుకు 100 గ్రాములు ఎక్కువ పెరిగిన దూడకు 85 కిలోలు. అవి హోల్‌స్టీన్ ఆవులు, వాటి పాల దిగుబడి వేరు. ఆ అంకెను తెచ్చి ముర్రా గేదెకు అతికించకూడదు. అయినా చిన్నప్పటి పాలకూ పెద్దయ్యాక ఇచ్చే పాలకూ లంకె ఉందన్నది మనం పట్టించుకోవాల్సిన సంగతి.

ఈ లంకె మొదటి గంటల్లోనే మొదలవుతుంది. ఇక్కడ డెల్టాకు ఒక ప్రత్యేకమైన చిక్కుంది, దాని పేరు జున్ను. బెల్లం, మిరియాలు, యాలకులు వేసి ఆవిరి మీద వండిన జున్నంటే గోదావరి జిల్లాల్లో ప్రాణం పెడతారు. గేదె ఈనిందని తెలిస్తే చుట్టాలు, ఇరుగుపొరుగు కబురు పెడతారు. ఊళ్ళో జున్నుపాలకు మామూలు పాలకన్నా మంచి ధర. ఇవ్వకపోతే మొహమాటం. ఇవన్నీ చక్కని ఆచారాలే. కానీ ఆ పాలు ఎవరికోసం తయారయ్యాయో చూడాలి. మనుషుల్లో తల్లి రక్తంలోని రోగనిరోధక శక్తి మాయ ద్వారా కడుపులోని బిడ్డకు చేరుతుంది. గేదె మాయ, ఆవు మాయ దాన్ని దాటనివ్వవు. దూడ పుట్టేటప్పటికి దాని రక్తంలో ఆ రక్షణ దాదాపు సున్నా. అదంతా జున్నుపాలలోంచే రావాలి. ఆ రక్షక పదార్థాలను చెక్కుచెదరకుండా రక్తంలోకి తీసుకునే శక్తి దూడ పేగుకు పుట్టిన కొద్ది గంటలే ఉంటుంది. గంటగంటకూ తగ్గుతూ ఒక రోజు గడిచేసరికి ఆ దారి మూసుకుపోతుంది. రెండో రోజు ఎంత పట్టినా ఆహారంగా పనికొస్తుందే తప్ప రక్షణగా ఒంట్లోకి చేరదు.

అందుకే మాయ పడేదాకా దూడను కుడవనివ్వకూడదన్న పాత పట్టింపు ఇంత చేటు చేస్తుంది. మాయ పడటానికి ఆరేడు గంటలు పట్టొచ్చు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు. ఆ లోపు పేగు దారి సగం మూసుకుపోతుంది. నిజానికి దూడ కుడిస్తే గేదె ఒంట్లో విడుదలయ్యే ఆక్సిటోసిన్ అనే హార్మోన్ గర్భాశయాన్ని ముడుచుకునేలా చేస్తుంది, మాయ పడటానికి అది సాయమే. దూడ నోరు, ముక్కు తుడిచి, బొడ్డుకు అయోడిన్ రాసి, పొదుగు కడిగి, గంట రెండు గంటల్లో మొదటి పాలు పట్టాలి. నిలబడలేకపోతే చన్ను నోట్లో పెట్టాలి, లేదా పిండి పాలపీక సీసాతో పట్టాలి. 30 కిలోల దూడకు మొదటి పూట లీటరున్నర, పన్నెండు గంటలు తిరిగేలోపు మరో లీటరున్నర. జున్నుపాలు ఎక్కువైతే దూడ పారుతుందని భయపడేవాళ్ళున్నారు. పసుపచ్చగా, మెత్తగా వేసే పేడ సహజం, అది రోగం కాదు.

మరి జున్ను? మొదటి రోజు పాలు మరీ చిక్కగా ఉంటాయని, మామూలు పాలు కలపకపోతే జున్ను రబ్బరులా సాగుతుందని వండేవాళ్ళకు తెలుసు. దూడకు పట్టగా మిగిలినవి, రెండో రోజు, మూడో రోజు పాలు కలిపినా జున్ను గడ్డకడుతుంది. మొదటి పాలలో దూడ వంతు తీశాకే గిన్నె కదిలించాలన్న ఒక్క నియమం ఇంట్లో పెట్టుకుంటే చుట్టాలకూ లోటుండదు.

పాల మీద నింద పడే మరో సందర్భం ఏలికపాములు. గేదె దూడల్లో ఇది చాలా ఎక్కువ, అదీ వింతగా తల్లి పాలలోంచే వస్తుంది. ఏలికపాముల గుడ్లు మేతతో గేదె కడుపులోకి చేరి, పిల్ల పురుగులు కండల్లో నిద్రాణంగా ఉండిపోతాయి. ఈనే సమయంలో లేచి పొదుగులోకి వచ్చి, మొదటి వారం పది రోజుల పాలతో దూడలోకి దిగుతాయి. మూడు వారాలకు పేగులో పెద్దవవుతాయి. దూడ బంకమట్టి రంగులో, కంపు కొడుతూ పారుతుంది, పొట్ట ఉబ్బుతుంది, ఎముకలు తేలుతాయి. రైతు చూసి "పాలు ఎక్కువయ్యాయి, అరగట్లేదు" అని పాలు కోస్తాడు. పాములు తిన్నది పోగా మిగిలే కాస్తా పోయి దూడ నాలుగు రోజుల్లో కూలబడుతుంది. పది పదిహేను రోజుల వయసులోనే, పారుడు కనపడకముందే, పశువైద్యుడు చెప్పిన మోతాదులో పైపరజిన్, పైరాంటెల్ వంటి మందు పట్టిస్తే ఇది చాలావరకు ఆగిపోతుంది. ఇక ఏ కారణంతో పారినా పాలు మాన్పించడం తప్పు. పోయిన నీటికీ ఉప్పుకూ పాలపూటల మధ్యలో ఓఆర్‌ఎస్ నీళ్ళు పట్టాలి, పాలు పాలలాగే పట్టాలి.

వీటన్నిటికీ తోడు డెల్టాలో కాలం కూడా దూడకు ఎదురే. గేదెలు ఎక్కువగా పొద్దు తగ్గే రోజుల్లో, అక్టోబరు నుంచి జనవరి మధ్య చూలు కడతాయి. పదినెలలు లెక్కపెడితే ఈతలు ఆగస్టు నుంచి నవంబరు దాకా పడతాయి. గోదావరికి వరదలొచ్చే నెలలు, తర్వాత తుపాన్లు, ముసుర్లు. లంక గ్రామాల్లో పశువులను గట్టు మీదికి తోలుకెళ్ళే రోజుల్లోనే గేదెలు ఈనుతుంటాయి. తడిసిన దూడ ఒళ్ళు కాచుకోవడానికే తాగిన పాలు ఖర్చు చేస్తుంది, ఎదుగుదల వాటా ఇంకా తగ్గుతుంది. బురదలో పడుకున్న దూడకు ఊపిరితిత్తుల జబ్బు, పారుడు త్వరగా పట్టుకుంటాయి. వరిగడ్డికి కరువులేని నేల ఇది. మోకాలు మునిగేలా పొడిగడ్డి పరిచి, తడిసినప్పుడల్లా మారిస్తే ఆ మేరకు పాలు ఆదా అయినట్టే అనుకోవచ్చు.

ఆ వరిగడ్డినే దూడకు మేతగా వేయడం మరో పొరపాటు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ నేల వరిమయమైంది. సార్వా, దాళ్వా పంటల మధ్య బీడు లేదు. ఉన్న బీళ్ళను చేపల చెరువులు, రొయ్యల చెరువులు మింగాయి. కాలువ గట్టు తప్ప మేపుకు చోటు లేదు కాబట్టి దూడ కూడా వరిగడ్డి నములుతూ పెరుగుతుంది. పుట్టిన దూడకు ముందరి పెద్దపొట్ట పనిచేయదు. కుడిచిన పాలు దాన్ని దాటి నేరుగా నాలుగో అరలోకి జారతాయి. పెద్దపొట్ట పనిలోకి రావాలంటే దాని లోగోడ మీద బుడిపెలు పెరగాలి. వాటిని పెంచేది గింజధాన్యం పులిసినప్పుడు పుట్టే ఆమ్లాలు. వరిగడ్డి పొట్టను సాగదీస్తుంది, బుడిపెలను పెంచదు. పైగా అందులో మాంసకృత్తులు నాలుగు శాతానికి మించవు. జారిన పొట్టను చూసి "బాగా మేస్తోంది" అనుకోవడం డెల్టాలో తరచూ కనిపించే భ్రమ.

రెండో వారం నుంచే గుప్పెడు దాణా ముందు పెట్టాలి. మొక్కజొన్న నూక, తవుడు, వేరుశనగ చెక్క, ఖనిజ లవణ మిశ్రమం, చిటికెడు ఉప్పు కలిపితే చాలు. కోనసీమలో కొబ్బరి చెక్క దొరుకుతుంది, దాన్నీ కలపొచ్చు. మిల్లుల్లో చవకగా దొరికే తవుడు ఒక్కటే పెడితే మాంసకృత్తులు చాలవు, సున్నం కొరత కూడా వస్తుంది. కుడితి దాణాకు బదులు కాదు. పాలు తాగే దూడకు నీళ్ళెందుకంటారు గానీ, పాలు పెద్దపొట్టలోకి వెళ్ళవు, నీళ్ళు వెళతాయి. దాణా పులియడానికి ఆ నీళ్ళే కావాలి. వరి కోతకు ముందు చల్లిన పిల్లిపెసర, జనుము ఉంటే రెండో నెల నుంచి లేత కొసలు వేయొచ్చు.

దూడ పెరుగుతోందో లేదో కంటితో తెలియదు, రోజూ చూసే కంటికి అసలే తెలియదు. దర్జీ టేపు చాలు. ముందుకాళ్ళ వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం ముందు ఎముక నుంచి తోక పక్క ఎముక దాకా పొడవు, రెండూ సెంటీమీటర్లలో తీయాలి. చుట్టుకొలతను దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 10,840తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టుకొలత 83, పొడవు 71 ఉంటే 45 కిలోలు. 30 కిలోలతో పుట్టి నెలకు ఇక్కడికి వస్తే రోజుకు అరకిలో. రెండు మూడు కిలోలు అటూ ఇటూ అయినా వారానికోసారి గోడ మీద రాసుకుంటే దారి తెలుస్తుంది. కుడిచిన పాలు ఎన్నో తెలుసుకోవడానికి ధాన్యం తూచే ఎలక్ట్రానిక్ కాటా ఊళ్ళో ఎక్కడైనా ఉంటుంది. పొదుగు దగ్గరికి విడిచే ముందు ఒకసారి, కుడిచాక ఒకసారి దూడను తూస్తే తేడాయే పాలు. మధ్యలో మూత్రం పోస్తే ఆ పూట లెక్క వదిలేయాలి. రెండు పూటలు కలిపి 3 కిలోలు రాకపోతే, వదిలే చన్ను ఒకటి చాలట్లేదని అర్థం.

పాలు మాన్పించడం వయసు చూసి కాదు, దాణా చూసి. వరసగా మూడు రోజులు కిలో దాకా దాణా తింటుంటే, రెండు వారాల్లో మెల్లగా పాలు తగ్గించి ఆపొచ్చు. గేదె విషయంలో రైతు అసలు భయం వేరు, దూడ లేకపోతే చేపదని. ఆ భయానికి ఆధారం ఉంది. ఆవుతో పోలిస్తే గేదె పొదుగులో దిగి నిల్వ ఉండే పాలు చాలా కొద్ది. మిగతావన్నీ లోపలి గ్రంథుల్లోనే ఉండి, చేపితేనే దిగుతాయి. దూడ చచ్చిన ఇంట్లో ఆ సాయంత్రమే పాలు తగ్గుతాయి. అప్పుడు దూడ తోలులో గడ్డి కూరి ముందు నిలబెడతారు, లేదా ఆక్సిటోసిన్ సూది వేస్తారు. పాల కోసం ఇలా సూది పొడవడం జంతుహింస నిరోధక చట్టం 12వ సెక్షన్ కింద నేరం. అలవాటైన గేదె ఆ తర్వాత మామూలుగా చేపడం మానేస్తుంది కూడా. దున్నదూడను ఆకలితో వదిలేసిన చాలా ఇళ్ళు రెండు నెలల్లో చేరేది ఈ స్థితికే. దానికి రోజూ పోసే 3 లీటర్లు గిట్టవనిపిస్తే, లీటరున్నర బతకడానికి, మరో అరలీటరు ఎదగడానికి పోసి, మిగతా ఆకలిని దాణాతో త్వరగా అందుకునేలా చేయొచ్చు. అది బతికి ఉన్నంతకాలం పొదుగు దానంతటదే దిగుతుంది.